ఇన్‌బాక్స్‌లో వైరస్ అని వస్తే: 'రిమూవ్' నొక్కే ముందు



గత పేరెంట్స్ మీటింగ్ రోజున తొమ్మిదో తరగతి బాబు వాళ్ళ అమ్మగారు ల్యాప్‌టాప్ సంచి పట్టుకుని కంప్యూటర్ ల్యాబ్‌కి వచ్చారు. మార్కుల సంగతి ఎత్తలేదు. "సార్, ఇందులో మెయిల్స్ అన్నీ పోయాయి. మా వారు మస్కట్ వెళ్ళిన కొత్తలో రాసినవి కూడా ఇందులోనే ఉండేవి" అన్నారు. బాబు ఆవిడ వెనకాల తల దించుకుని నిలబడ్డాడు.

జరిగింది ఇదీ. సైన్సు ప్రాజెక్టు టైప్ చేసుకుంటుండగా తెర మీద యాంటీవైరస్ హెచ్చరిక వచ్చింది. ఒక ఫైల్‌లో ముప్పు ఉంది, ఏం చేయమంటారు అని అడిగింది. బాబు తడుముకోకుండా 'రిమూవ్' నొక్కాడు. ఆ ఫైల్ పేరు 'ఇన్‌బాక్స్'. సాయంత్రం అమ్మగారు మెయిల్ తెరిస్తే ఒక్క ఉత్తరం కూడా లేదు. ఆ రోజు నుంచి బాబు ఇంట్లో సరిగా అన్నం తినడం లేదట.

తప్పు బాబుది కాదు. వైరస్ కనిపిస్తే తీసేయాలి అని ఆరో తరగతి నుంచి మేమే చెబుతున్నాం. మామూలు ఫైళ్ళకు ఆ మాట సరిపోతుంది. మెయిళ్ళు దాచుకున్న ఫైల్‌కు మాత్రం సరిపోదు. ఆ తేడా మేం చెప్పలేదు. అందుకే ఈ నెల పాఠం పిల్లలకు కాదు, మీకు. సాయంత్రం పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చదివితే ఇంకా మంచిది.

ఉత్తరాలు గుచ్చిన తీగ

మన తాతల ఇళ్ళలో గోడకు ఒక కొక్కెం తీగ ఉండేది గుర్తుందా? వచ్చిన కార్డు, ఇన్‌లాండ్ కవరు, కరెంటు బిల్లు అన్నీ చదివాక ఆ తీగకే గుచ్చేవారు. పాతవి అడుగున, కొత్తవి పైన. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ మీ ఉత్తరాలను దాచేది దాదాపు ఇలాగే. ఇన్‌బాక్స్‌లో పదివేల ఉత్తరాలున్నా డిస్కు మీద అవి పదివేల ఫైళ్ళు కావు. 'ఇన్‌బాక్స్' అనే ఒకే ఒక ఫైల్. కొత్త ఉత్తరం వచ్చినప్పుడల్లా ఆ ఫైల్ చివర అతుక్కుంటుంది. దీన్ని 'ఎంబాక్స్' పద్ధతి అంటారు. పక్కనే '.ఎంఎస్ఎఫ్' అని ఇంకో చిన్న ఫైల్ ఉంటుంది. అది కేవలం పట్టిక. ఏ ఉత్తరం ఎక్కడ మొదలవుతుందో రాసిపెట్టుకునే చిట్టా. మీరు తెర మీద చూసే వరసలు ఆ చిట్టాలోవి.

మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్‌లో ఫైల్ పేరు వేరు. పాత పద్ధతిలో '.పీఎస్‌టీ', ఆఫీసు అకౌంట్లకూ ఐమ్యాప్ అకౌంట్లకూ '.ఓఎస్‌టీ'. పీఎస్‌టీ అయితే ఇంకా పెద్ద మూట. ఇన్‌బాక్స్, పంపినవి, క్యాలెండర్, చిరునామాలు అన్నీ కలిపి ఒకే ఫైల్.

ఇప్పుడు యాంటీవైరస్ వైపు నుంచి చూడండి. దానికి తెలిసిన లెక్క ఫైల్. ఫైల్ లోపల ఎక్కడో ఒకచోట చెడ్డ ముక్క కనిపించింది. ఫైల్‌ను శుభ్రం చేయగలిగితే చేస్తుంది, లేకపోతే మొత్తం ఫైల్‌ను పట్టుకుపోయి 'క్వారంటైన్' అనే తాళం గదిలో వేస్తుంది, లేదా చెరిపేస్తుంది. కొన్ని యాంటీవైరస్‌లకు మెయిల్ ఫైల్ లోపల ఉత్తరాలను విడదీసి చూడటం వచ్చు. చూడటం వచ్చినా, అందులోంచి ఒక్క ఉత్తరాన్ని కత్తిరించి తీయడం అన్నిటికీ రాదు. పీఎస్‌టీ లోపలి ముప్పును తాము తీసేయలేమని, ఉత్తరం వివరాలు చూపిస్తాం, మీరే తీసుకోండని మైక్రోసాఫ్ట్ తన డిఫెండర్ గురించి తానే చెప్పుకుంది.

ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఒక్క చెడ్డ కవరు కోసం తీగ మొత్తం పొయ్యిలో వేయకూడదు.

ఆ వైరస్ ఇప్పుడు ఏం చేస్తోంది?

హెచ్చరిక చూడగానే అందరికీ వచ్చే మొదటి భయం: నా కంప్యూటర్ పాడైపోయిందా, బ్యాంకు వివరాలు ఎవరికో వెళ్ళిపోతున్నాయా అని. ముప్పు మెయిల్ ఫైల్ లోపలే ఉందంటే, దాదాపు ప్రతిసారీ జవాబు లేదనే. ఎందుకో చెబుతాను, ఇది కొంచెం సరదాగా ఉంటుంది.

ఇంటర్నెట్ మెయిల్ మొదట్లో అక్షరాలు మోయడానికే తయారైంది. ఫోటో పంపాలన్నా, ప్రోగ్రామ్ పంపాలన్నా దాన్ని ముందు అక్షరాల రూపంలోకి మార్చాలి. ప్రతి మూడు బైట్లకు నాలుగు అక్షరాల లెక్కన మారుస్తారు. మీరు 6 ఎంబీ ఫోటోలు జత చేస్తే ఉత్తరం 8 ఎంబీకి పైగా తూగడానికి కారణం అదే. విండోస్‌లో నడిచే '.ఈఎక్స్ఈ' ఫైల్ ఏదైనా సరే 'ఎం', 'జెడ్' అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలతో మొదలవుతుంది. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన మార్క్ జిబికోవ్‌స్కీ అనే ఇంజనీరు పేరులోని పొడి అక్షరాలవి. అదే ప్రోగ్రామ్ మెయిల్‌లోకి మారేసరికి మొదటి రెండు అక్షరాలు 'టీ', 'వీ' అయిపోతాయి. ఆ రూపంలో దాన్ని విండోస్ నడపలేదు. ఎవరైనా ఆ అటాచ్‌మెంట్ మీద నొక్కి, తెరిచి లేదా సేవ్ చేసి, దాన్ని మళ్ళీ అసలు రూపంలోకి మార్చి డిస్కు మీద పడేస్తేనే దానికి ప్రాణం వస్తుంది.

అంటే తీగకు గుచ్చిన కవరులో పొడి పొట్లం కట్టి ఉంది. కవరు విప్పి పొట్లం ఎవరూ ముట్టుకోనంత కాలం అది అక్కడ పడి ఉంటుంది. తొందర లేదు. నిదానంగా ఆలోచించి చేయవలసిన పని ఇది.

ఒక మినహాయింపు చెప్పాలి. పాత ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ రోజుల్లో ఉత్తరం ప్రివ్యూలో కనిపించినంత మాత్రానే నడిచిపోయిన పురుగులు ఉండేవి. 2001లో వచ్చిన నిమ్డా అలాంటిదే. అప్పటి లోపాన్ని ఎప్పుడో సరిచేశారు. అయినా మెయిల్ ప్రోగ్రామ్‌ను, విండోస్‌ను అప్‌డేట్ చేసి ఉంచమనడానికి ఇదొక కారణం.

మరి పదేళ్ళ కిందటి ఉత్తరంలో ఈ రోజు వైరస్ ఎలా పుట్టింది? పుట్టలేదు, మొదటి నుంచీ ఉంది. ఆ ఉత్తరం వచ్చిన రోజున ఆ రకం యాంటీవైరస్‌కు తెలియదు. లేదా పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌లో వచ్చింది, లోపలికి తొంగి చూడటం కుదరలేదు. తర్వాత గుర్తుపట్టే జాబితా పెరిగింది, లేదా మీరు కొత్త యాంటీవైరస్ వేశారు. మొన్న మొదటిసారి ఫుల్ స్కాన్ నడిచింది, అంతే. 2000 మే నెలలో ఫిలిప్పీన్స్ నుంచి బయలుదేరి ప్రేమలేఖ పేరుతో లోకమంతా తిరిగిన 'ఐ లవ్ యూ' పురుగు, 2004 నాటి మైడూమ్ వంటివి ఇప్పటికీ పాత మెయిల్ ఫైళ్ళలో అడుగున దొరికితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ముందు దారి చదవండి

హెచ్చరిక వచ్చినప్పుడు వైరస్ పేరు కంటే ముఖ్యమైన గీత ఒకటుంది. అది ఫైల్ ఎక్కడుందో చెప్పే దారి. విండోస్ డిఫెండర్ అయితే 'ప్రొటెక్షన్ హిస్టరీ' తెరిచి, ఆ హెచ్చరిక మీద నొక్కితే 'అఫెక్టెడ్ ఐటమ్స్' కింద కనిపిస్తుంది. మిగతా యాంటీవైరస్‌లలో 'డీటెయిల్స్' అనో 'లాగ్' అనో ఉంటుంది. దాన్ని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత చాలా పనికొస్తుంది.

ఆ దారిలో థండర్‌బర్డ్, ప్రొఫైల్స్, మెయిల్, ఇన్‌బాక్స్ అనే మాటలుంటే, లేదా చివర పీఎస్‌టీ, ఓఎస్‌టీ ఉంటే, మనం మాట్లాడుకుంటున్నది అదే. పొట్లం కవరులోనే ఉంది.

దారిలో 'డౌన్‌లోడ్స్' అనో 'టెంప్' అనో ఉంటే వేరే కథ. 'కంటెంట్ డాట్ ఔట్‌లుక్' అనే ఫోల్డర్ పేరు కనిపించినా అంతే, ఔట్‌లుక్‌లో ఎవరైనా అటాచ్‌మెంట్ తెరిచినప్పుడు దాని నకలు పడే చోటు అది. అంటే కవరు ఎవరో విప్పారు. అప్పుడు మాత్రం ఆలస్యం వద్దు. వైఫై ఆపండి. యాంటీవైరస్ తీసేస్తానంటే తీసేయనివ్వండి, అది మామూలు ఫైలే. తర్వాత డిఫెండర్‌లోని 'ఆఫ్‌లైన్ స్కాన్' నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ మొదలుకాక ముందే వెతుకుతుంది. వేరే ఫోన్ నుంచి ముందు మెయిల్ పాస్‌వర్డ్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్ మార్చండి. డబ్బు పోయినట్టు అనుమానం వస్తే ఆ క్షణమే 1930కి ఫోన్ చేయండి. భారత ప్రభుత్వపు సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైట్‌లో ఉచితంగా శుభ్రం చేసే ప్రోగ్రామ్‌లు దొరుకుతాయి.

ఎవరు తెరిచారు అని ఇంట్లో పంచాయితీ పెట్టకండి. పెడితే మరోసారి ఏదైనా జరిగినప్పుడు పిల్లలు మీకు చెప్పరు. ఎప్పుడు తెరిచారు, ఏం కనిపించింది అన్నది మాత్రం అడగండి. అది పనికొచ్చే సమాచారం.

ఇక పేరు సంగతి. పేరులో 'ఫిష్' అని ఉంటే అది నడిచే ప్రోగ్రామ్ కాదు, మోసపూరిత ఉత్తరం. దాని ప్రమాదమంతా అందులోని లింకు నొక్కి మీరు టైప్ చేసే ఓటీపీలో ఉంది. 'హ్యూరిస్టిక్' అని ఉంటే అది అనుమానం మాత్రమే. నిజమైన బ్యాంకు ఉత్తరాల్లో కూడా కనిపించే లింకు ఒకటి, లోపలి లింకు ఇంకొకటి ఉండటం మామూలు. క్లామ్ ఏవీ వంటి స్కానర్లు అలాంటి వాటిని కూడా మోసం ఖాతాలో వేస్తాయి. కాబట్టి ఆ పేరు చూసి పాత బ్యాంకు స్టేట్‌మెంట్లన్నీ చెరిపేసుకోకండి.

ఆ ఒక్క ఉత్తరాన్ని పట్టుకోవడం

మెయిల్ ప్రోగ్రామ్ మూసేయండి. మెయిల్ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌కో, బయటి హార్డ్ డిస్కుకో కాపీ చేయండి. థండర్‌బర్డ్‌లో ఆ ఫోల్డర్ ఎక్కడుందో తెలియకపోతే, మూసేముందు 'అకౌంట్ సెట్టింగ్స్'లో 'సర్వర్ సెట్టింగ్స్' అడుగున 'లోకల్ డైరెక్టరీ' అని రాసి ఉంటుంది చూడండి. కాపీ చేస్తుంటే యాంటీవైరస్ మళ్ళీ అడ్డుపడవచ్చు. ఆ పూటకు మెయిల్ ఫోల్డర్‌నూ, కాపీ పెట్టే ఫోల్డర్‌నూ దాని 'ఎక్స్‌క్లూజన్స్' జాబితాలో చేర్చండి. ఇంకో చిన్న చిక్కు: పాత పెన్‌డ్రైవ్‌లు 'ఫ్యాట్ 32' పద్ధతిలో ఉంటాయి, వాటిలో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. 'ఎక్స్‌ఫ్యాట్' పద్ధతిలో ఫార్మాట్ చేసినది కావాలి.

ఇప్పుడు వెతకడం. మీరు తీసిన ఫోటోలో ఇన్‌బాక్స్ తర్వాత ఇంకా ఏమైనా రాసి ఉందేమో చూడండి. కొన్ని యాంటీవైరస్‌లు ఉత్తరం తేదీ, విషయం, అటాచ్‌మెంట్ పేరు కూడా చూపిస్తాయి. అలా ఉంటే పని సగం అయినట్టే. లేకపోతే అటాచ్‌మెంట్ ఉన్న ఉత్తరాలను మాత్రమే చూపించమని ఫిల్టర్ పెట్టండి. పార్సిల్ వచ్చింది, బిల్లు కట్టలేదు, ఇన్‌కమ్ ట్యాక్స్ రీఫండ్ అంటూ ముక్కూ మొహం తెలియని వాళ్ళు పంపిన జిప్‌లు, పాత వర్డ్ ఫైళ్ళు అన్నిటికంటే ముందు అనుమానించాలి. స్పామ్ ఫోల్డర్, ట్రాష్ ఫోల్డర్ కూడా చూడండి. చూడటం అంటే పేరు చూడటమే. తెరవడం కాదు.

అలా కూడా దొరకకపోతే పిల్లల ఆట ఒకటి ఆడాలి. 1 నుంచి 100 లోపు ఒక అంకె అనుకో, నేను కనిపెడతాను అనే ఆట. 50 కంటే పెద్దదా, 75 కంటే పెద్దదా అని సగానికి సగం కోసుకుంటూ పోతే ఏడు ప్రశ్నల్లో దొరికిపోతుంది. ఉత్తరాలకూ ఇదే లెక్క. ఇన్‌బాక్స్‌లో 8,192 ఉత్తరాలుంటే పదమూడు కోతల్లో ఒక్కటి మిగులుతుంది. ఎందుకు పదమూడు అని మీ పిల్లలను అడగండి, ఘాతాంకాల పాఠం చదివిన వాళ్ళు చెప్పేస్తారు.

ఇంట్లో చేయడానికి ముందు సంవత్సరాల వారీగా విడదీయడం సుళువు. థండర్‌బర్డ్‌లో 2013, 2014, 2015 అని ఫోల్డర్లు చేసి, ఏ ఏడాది ఉత్తరాలు ఆ ఫోల్డర్‌లోకి మార్చండి. ప్రతి ఫోల్డర్‌కు డిస్కు మీద ఒక్కో ఫైల్ తయారవుతుంది. ప్రోగ్రామ్ మూసి, ఆ ఫైళ్ళ నకళ్ళను డెస్క్‌టాప్ మీద ఒక కొత్త ఫోల్డర్‌లోకి తెచ్చి, ఆ నకళ్ళను స్కాన్ చేయండి. ఏ ఏడాది ఫైల్ దగ్గర యాంటీవైరస్ అరిస్తే దొంగ అక్కడున్నాడు. నకలును అది పట్టుకుపోయినా మనకు నష్టం లేదు, అసలు ఫైల్ దాని చోట భద్రంగా ఉంది. అరిచిన ఏడాదిని మళ్ళీ సగం చేయండి. అంతే.

దొరికాక మనసు తొందరపెడుతుంది. ఆన్‌లైన్‌లో వైరస్ పరీక్షించే వైరస్‌టోటల్ వంటి చోట్లకు ఇన్‌బాక్స్ ఫైల్ మొత్తం ఎక్కించి చూద్దామనిపిస్తుంది. వద్దు. అక్కడ ఎక్కించిన ఫైళ్ళు అనేక భద్రతా సంస్థలకు అందుతాయి. మీ ఇంటి ఉత్తరాలన్నీ వాళ్ళ చేతుల్లో పెట్టినట్టే. అలాగే ఆ ఉత్తరాన్ని "సార్, ఇది చూడండి" అని నాకో, వాట్సాప్ గ్రూపులోకో ఫార్వర్డ్ చేయకండి. ఏటా ఒకరిద్దరు చేస్తూనే ఉంటారు. స్క్రీన్‌షాట్ చాలు.

డిలీట్ చేసినా పోదు

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఉత్తరం దొరికింది, డిలీట్ నొక్కారు, ట్రాష్ కూడా ఖాళీ చేశారు. మళ్ళీ స్కాన్ చేస్తే మళ్ళీ అదే హెచ్చరిక. వైరస్ మొండిదని భయపడి ఇప్పుడు నిజంగానే మొత్తం ఫైల్ తీసేస్తారు.

వైరస్ మొండిది కాదు. తీగ సంగతి గుర్తు తెచ్చుకోండి. మీరు డిలీట్ నొక్కినప్పుడు థండర్‌బర్డ్ చేసేది ఆ ఉత్తరానికి 'తీసేసినది' అని గుర్తు పెట్టి, కంటికి కనపడకుండా చేయడం. కాగితం ఇంకా తీగ మీదే ఉంటుంది. మీదుమిక్కిలి ట్రాష్ ఫోల్డర్‌లోకి ఒక నకలు వెళుతుంది, అది ఇంకో ఫైల్. అంటే ఒకటి కాస్తా రెండయ్యాయి. అందుకని షిఫ్ట్ కీ పట్టుకుని డిలీట్ నొక్కితే ట్రాష్‌కు వెళ్ళదు. ఆ తర్వాత ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి 'కాంపాక్ట్' నొక్కాలి. అప్పుడు ప్రోగ్రామ్ కొత్త తీగ తెచ్చి, ఉంచవలసిన ఉత్తరాలను ఒక్కొక్కటే దానికి గుచ్చి, పాతదాన్ని పారేస్తుంది. వైరస్ ఫైల్‌లోంచి నిజంగా బయటికి పోయేది ఆ క్షణంలోనే. ట్రాష్ ఫోల్డర్‌ను కూడా ఖాళీ చేసి కాంపాక్ట్ చేయండి. కాంపాక్ట్ నడుస్తుండగా కరెంటు పోకుండా ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టి ఉంచండి, ప్రోగ్రామ్ మూయకండి.

ఔట్‌లుక్ పీఎస్‌టీలోనూ ఇదే తంతు. 'డిలీటెడ్ ఐటమ్స్' ఖాళీ చేశాక, 'అకౌంట్ సెట్టింగ్స్'లో 'డేటా ఫైల్స్', అందులో 'సెట్టింగ్స్', అక్కడ 'కాంపాక్ట్ నౌ'.

ఐమ్యాప్ వాడేవారికి కథ ఇంకో మలుపు తిరుగుతుంది. జీమెయిల్‌ను థండర్‌బర్డ్‌లోనో ఔట్‌లుక్‌లోనో చూసుకునేవారిలో ఎక్కువమంది ఈ పద్ధతిలోనే ఉంటారు. ఇందులో అసలు ఉత్తరం సర్వర్‌లో ఉంటుంది, మీ డిస్కు మీద ఉన్నది నకలు. మంచి ఏమిటంటే, ఆ నకలు ఫైల్ పోయినా మళ్ళీ దిగుతుంది. ఇబ్బంది ఏమిటంటే, మీరు ఎన్నిసార్లు శుభ్రం చేసినా ఆ చెడ్డ ఉత్తరం కూడా మళ్ళీ దిగుతుంది. కాబట్టి బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి అక్కడ తీసేయండి, 'బిన్'లోంచి కూడా తీసేయండి. లేకపోతే 30 రోజులు అక్కడే ఉంటుంది. థండర్‌బర్డ్‌లో 'ఆల్ మెయిల్' అనే ఫోల్డర్‌లో కూడా అదే ఉత్తరం రెండో నకలుగా కనిపిస్తుంది, దాన్ని చూసి కంగారు పడకండి.

ఇక ఆఫీసు వాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఇవేవీ మీరు చేయకండి. ఆఫీసు ఐటీ విభాగానికి ఫోన్ చేయడమే మీ పని.

ఇప్పటికే 'రిమూవ్' నొక్కేసి ఉంటే

ఆ అమ్మగారి ల్యాప్‌టాప్ పరిస్థితి అదే. వారిది ఐమ్యాప్ కాదు, పాత 'పాప్' పద్ధతి. ఉత్తరాలు దిగగానే సర్వర్‌లోంచి చెరిగిపోయేలా ఎవరో ఎప్పుడో సెట్ చేశారు. అంటే ఆ ఫైల్ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా నకలు లేదు.

అయినా ఆశ ఉంది. 'రిమూవ్' అన్నంత మాత్రాన చాలా యాంటీవైరస్‌లు వెంటనే చెరిపేయవు, ముందు క్వారంటైన్‌లో పెడతాయి. అక్కడ ఎన్ని రోజులుంచుతాయనేది ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. అందుకే ఈ పని వచ్చే ఆదివారానికి వాయిదా వేయకూడదు. క్లీనర్ ప్రోగ్రామ్‌లు ఏవీ ఈలోపు నడపకూడదు.

మేం చేసింది వరసగా చెబుతాను. థండర్‌బర్డ్ మూసేశాం. ఫైల్ పోయాక దాన్ని తెరిచారు కదా, అది ఖాళీ ఇన్‌బాక్స్ కొత్తగా ఒకటి తయారుచేసి పెట్టుకుంది. ఈ మధ్య వచ్చిన ఉత్తరాలు అందులో ఉన్నాయి. పాతదాన్ని తెచ్చి దాని మీద వేస్తే అవి పోతాయి. కాబట్టి ఆ కొత్త ఫైల్ పేరు 'ఇన్‌బాక్స్ కొత్తది' అని మార్చాం. పక్కనున్న ఎంఎస్ఎఫ్ పట్టికను తీసేశాం. అది పోయినా పరవాలేదు, ఉత్తరాలను చూసి ప్రోగ్రామ్ మళ్ళీ రాసుకుంటుంది. తర్వాత మెయిల్ ఫోల్డర్‌ను యాంటీవైరస్ మినహాయింపుల్లో చేర్చాం. ఇది మరిచిపోతే తెచ్చిన మరుక్షణం మళ్ళీ పట్టుకుపోతుంది. అప్పుడు క్వారంటైన్ తెరిచి 'రీస్టోర్' నొక్కాం.

'రీస్టోర్' నొక్కింది బాబే. నేనే నొక్కమన్నాను. ఫైల్ పెద్దది కావడంతో తెర కాసేపు కదల్లేదు, ఆ కాసేపూ ల్యాబ్‌లో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత థండర్‌బర్డ్ తెరిస్తే ఉత్తరాలు వరసగా దిగడం మొదలైంది. పేరు మార్చిన ఫైల్ కూడా పక్కన ఇంకో ఫోల్డర్‌లా కనిపించింది. అందులోని కొత్త ఉత్తరాలను ఇన్‌బాక్స్‌లోకి లాగాం.

దొంగ ఉత్తరం ఎప్పటిదో చెప్పనా? 2014 నాటిది. మీ పార్సిల్ ఆగిపోయింది అంటూ వచ్చిన జిప్. వాళ్ళెవరూ దాన్ని ఎప్పుడూ తెరవలేదు. చదివిన గుర్తు కూడా లేదు. షిఫ్ట్ డిలీట్, కాంపాక్ట్, మళ్ళీ స్కాన్. హెచ్చరిక లేదు. ఏళ్ళ తరబడి తీసేసిన ఉత్తరాలన్నీ అప్పటిదాకా తీగ మీదే ఉన్నాయేమో, ఫైల్ దాదాపు సగానికి తగ్గింది.

పని అయ్యాక రెండు మార్పులు చేశాం. మీరూ చేయవచ్చు. థండర్‌బర్డ్ 'సెట్టింగ్స్'లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' కింద యాంటీవైరస్ గురించి ఒక గడి ఉంటుంది. వచ్చే ఉత్తరాలను ఒక్కొక్కటిగా పట్టుకునే వీలు యాంటీవైరస్‌కు ఇస్తుంది అది. దానికి టిక్ పెడితే, కొత్త ఉత్తరం ముందు విడి ఫైల్‌గా దిగి, తనిఖీ అయ్యాకే ఇన్‌బాక్స్‌కు అతుక్కుంటుంది. చెడ్డదైతే అదొక్కటే పోతుంది. రెండోది, ఆ పూటకు పెట్టిన మినహాయింపులు తీసేయడం. మెయిల్ ఫోల్డర్‌ను ఎప్పటికీ మినహాయించవచ్చా అని అడిగితే ఇద్దరు నిపుణులు రెండు మాటలు చెబుతారు. అటాచ్‌మెంట్ తెరిచినప్పుడు అది బయటికి వచ్చి పడే చోట యాంటీవైరస్ కాపలా ఉంటుంది కాబట్టి అదేమీ తెలివితక్కువ పని కాదు. కానీ థండర్‌బర్డ్ ప్రొఫైల్ మొత్తాన్ని మినహాయించకండి, అందులో యాడ్-ఆన్‌లు కూడా ఉంటాయి. మెయిల్, ఐమ్యాప్ మెయిల్ అనే రెండు లోపలి ఫోల్డర్లు చాలు. డిఫెండర్‌లో 'అలౌడ్ థ్రెట్స్' జాబితా కూడా ఒకసారి చూడండి, ఆ వైరస్ పేరు అక్కడ చేరి ఉంటే తీసేయండి. లేకపోతే రేపు అదే రకం నిజంగా వచ్చినా అది చూసీ చూడనట్టు ఊరుకుంటుంది.

కాపీ మాత్రం నెలకొకసారి కావాలి. ప్రోగ్రామ్ మూసి, మెయిల్ ఫోల్డర్‌ను బయటి డిస్కుకు కాపీ చేసి, డిస్కు తీసి బీరువాలో పెట్టాలి. ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉంచిన డిస్కుకు కంప్యూటర్‌కు వచ్చిన జబ్బే వస్తుంది. ఆ ఇంట్లో ఈ పని ఇప్పుడు బాబుది. పాత కాపీ చెరపకుండా కొత్త కాపీ పెట్టమని, ఫోల్డర్‌కు తేదీ వేయమని చెప్పాను.

మీ ఇంట్లో ఇలాంటి హెచ్చరిక ఇప్పటికే తెర మీద ఉంటే, ఏ బటనూ నొక్కకుండా ఫోటో తీసి, ల్యాప్‌టాప్ మూసి, మీ పిల్లలు చదివే బ్రాంచి కంప్యూటర్ టీచర్‌తో ముందుగా మాట్లాడి తీసుకురండి. ఛార్జర్ మరిచిపోకండి, కాపీకి చోటున్న డిస్కు ఒకటి కూడా తెచ్చుకోండి.